కత్తి కత్తి పోయిన గొంతు

పోలీసాయన సైకిలెక్కి మలుపు తిరిగినాక గూడా మా వీధిలో ఒక్కరూ లోపలికి పోలేదు. మగ్గాల చప్పుడు నిలిచిపోయింది. ఎదురింటి సరసమ్మయితే చెంబు పట్టుకోని వాకిట్లోనే నిలబడుకోనింది, నీళ్ళు చల్లేదానికి వచ్చినట్ట. నడినెత్తిన పొద్దు ఉండంగా ఎవురన్నా వాకిలి చల్లుతారా?

"ఏం సరసక్కా, ఇంకొక బిందె తెచ్చియ్యనా?" అని అడిగినా.

గబుక్కున లోపలికి పోయింది. నేనూ తలుపు దగ్గరికేసినా. ఊరి నోటికి మూకుడు నేను యాడ తెచ్చేది?

లోపల ముగ్గురూ మూడు దిక్కులు. నా మొగుడు బాలాజి మగ్గం గుంతలో కాళ్ళేసుకోని కూర్చోనుండాడు. ఎనిమిదేండ్లుగా ఆ గుంతలో కాలు పెట్టనోడు, యాడ కూర్చోవల్లో తెలీక ఈ పొద్దు పెట్టినాడు. మా మామ గోవిందస్వామి గోడ తట్టు తిరిగి పండుకోనుండాడు. మా అత్త పొన్నమ్మ మాత్రం నిలబడే ఉంది. తాను కూర్చుంటే ఇల్లు కూలిపోతుందని ఆమె నమ్మకం.

"మళ్ళా ఒకతూరి చెప్పు నాయనా. ఏమన్నాడు వాడు?"

"ఎన్నితూర్లు చెప్పేదిమ్మా! నాయన గొంతు మీద నేను కత్తి పెట్టినానంట. ఆస్పత్రోళ్ళు రాసి పంపించినారంట. ఏం పని చేస్తావు అన్నాడు. పేర్ణాంబట్టు కంపెనీలో బూట్లకి తోలు కోస్తాను అన్నా. 'ఓహో, కత్తి పనేనా' అని నవ్వినాడు. రేపు సాయంత్రం లోపల స్టేషనుకి రావల్లంట."

"అయ్యో నా కడుపా! చీమను తొక్కితే తల్లడిల్లే బిడ్డ రా నువ్వు!"

గోడ పక్కనుంచి గరగరమని ఒక చప్పుడు వచ్చింది. అది మా మామ మాట్లాడేది.

"ఆ ఆస్పత్రికి నేను పోను."

ఆ గొంతు గురించి చెప్పల్ల. మా వీధిలో తెల్లార్తో పావు పరుస్తారు. అంటే నేతకి పోయే నూలంతా వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేది. అంతమందీ ఒక్క తూరి ఇగ్గల్ల, ఒక్క తూరి వదలల్ల. ఎవుడొక్కడు ముందు ఇగ్గినా పోగులు తెగుతాయి. ఆ కొనా ఈ కొనా ఒక్కటి చేసేది మా మామ గొంతే. "ఇగ్గండప్పా!" అన్నాడంటే మలుపులో వచ్చే లారీ గూడా బ్రేకు వేసేది. నలబై ఏండ్లు ఆయనే. గుడియాత్తంలో ఎవుర్నన్నా అడగండి.

ఆ గొంతు ఉగాది నుంచి బొంగురుపోయింది. ఎవురెంత చెప్పినా వినలేదు. కడాకి ఎవురి తోడూ లేకుండా తానే బస్సెక్కి, వేలూరికి పోయి, తొరపాడి రోడ్డు అరుణోదయా ఆస్పత్రిలో వరసలో నిలబడి చూపించుకున్నాడు. నేను పనిచేసేది ఆ ఆస్పత్రిలోనే. "కోడలి సిఫార్సుతో పోయినాడని పేరు నాకెందుకు" అన్నాడంట. అట్లాంటి మనిషి.

ముక్క తీసి పరీక్ష చేసినారు. గొంతు క్యాన్సరు. పెద్ద డాక్టరు నన్ను పిలిచి, తొలి దశలోనే దొరికింది, రేపటి నుంచి కరెంటు పెడితే మాట దక్కుతాది, జరుపుతా పోతే గొంతుపెట్టెనే తీసేయాల్సి వస్తాది అని చెప్పినాడు. కరెంటు పెట్టేదంటే మెషిను కింద పండబెట్టి లోపలి గడ్డను కాల్చేది. మా పక్క అందరూ అట్లనే అంటారు.

తెల్లారితే ఆ 'రేపు' వచ్చేస్తాది. ఈయన చూస్తే ఇట్ల.

"మామా, రేపు కరెంటుకి టైము ఇచ్చినారు," అన్నా నేను.

"నా కొడుకు నా గొంతు కోసినాడని రాసిన చోట నా గొంతు చూపీను. చచ్చినా చూపీను."

ఎనిమిదేండ్లకి ఆయన నోట్లోనుంచి 'నా కొడుకు' అన్న మాట అదే మొదలు. బాలాజి తలెత్తినాడు. ఆయన ఇట్ల తిరగలేదు. బాలాజి మళ్ళా తల దించేసినాడు.

అత్త నా పక్కకు తిరిగింది. నాకు తెలుసు, తిరుగుతాదని.

"ఏమే యువరాణీ, ఊరంతా చెప్పుకున్నానే, మా కోడలు జబ్బులకి నంబర్లేసే ఉద్యోగం అని! ఆ రూములోనే కూర్చోనుంటావు గదా, నీ కండ్లు యాడ పెట్టినావు?"

నా పని అదే. డాక్టర్లు ఫైల్లో రాసిన ప్రతి జబ్బుకీ ఒక నంబరు ఉంటాది, యా దేశంలో చూసినా అదే నంబరు. చూసి వెయ్యల్ల. ఒక్క అంకె మారితే కాలు విరిగినోడికి కామెర్లు వచ్చినట్ట లెక్క.

"మనవాళ్ళ ఫైలు మనం ముట్టరాదత్తా. మామ పేరు చూస్తానే మా హెడ్డు దొరైస్వామి సార్ చేతికి ఇచ్చేసినా. లోపల ఏముండాదో తెరిచి గూడా చూడలేదు. ఆయన, డాక్టరు ఏం రాసింటే దానికే నంబరు వేస్తాడు. గొంతు జబ్బుకి ఒకటి, కత్తిపోటుకి ఒకటి. కత్తిపోటని రాసింటే పోలీసులకి చెప్పి తీరాల్సిందే."

"అయితే ఆ పేజీ చించేసి రా," అన్నాడు బాలాజి.

నేను ఆయన మొహం చూసినా. ఆటకి అనలేదు.

"చించను."

"రేపు స్టేషన్లో నన్ను కూర్చోబెడతారు. కంపెనీలో తెలిస్తే గేటు బయటే. నీకు నేను ముఖ్యమా, ఆ కాగితమా?"

"కాగితమే."

నోరు జారి అన్న మాట కాదది. తెలిసే అన్నా. అత్త "ఓసి నీ!" అని రొమ్ము మీద చెయ్యేసుకోనింది.

"ఈ పొద్దు నా మొగుడి కోసరం నేనొక పేజీ చించుతా. రేపు నిజంగా పొడిచినోడి పెండ్లాం వచ్చి ఇంకొక పేజీ అడుగుతాది. అప్పుడేం చేసేది? పైగా పేజీ లేదనుకో, పోలీసాయన ఊరుకుంటాడా? కోడలే మాయం చేసింది, అంటే నిజమే అంటాడు. అప్పుడు నిన్ను ఆ మురుగన్ దిగొచ్చినా కాపాడలేడు. ఆ రూములో నా సంతకానికి ఒక విలువుండాది. దాన్ని నేను ఎవురికోసరమూ చెరుపుకోను. అసలు ఆ డాక్టరు కలగని రాసినాడా? మామా! నువ్వేం చెప్పినావో ముందు అది చెప్పు! గోడతో కాదు, మాతో చెప్పు!"

"ఏమే, ఎందుకట్ల కత్తతా ఉండావు? వీధంతా వింటా ఉండాది. కత్తద్దు!" అనింది అత్త.

నేను అత్త తట్టు తిరిగినా.

"ఏందత్తా, ఇప్పుడేమన్నావు?"

"కత్తద్దు అన్నా. కోడల్ని ఒక మాట అనరాదా నేను?"

"మామా, నీతో మాట్లాడిన చిన్న డాక్టరు, ఆయన యా ఊరోడు?"

గోడ పక్కనుంచి గరగరమని వచ్చింది. "తెనాలంట. తెలుగోడు. నేను తెలుగు మాట్లాడతానని సంబరపడిపోయినాడు. ఇంత దూరం వచ్చినాక తెలుగు చెవిన పడింది తాతా అని, నర్సమ్మను గూడా పంపించేసి తానే కూర్చోని రాసుకున్నాడు."

"గొంతు ఎట్ల పోయిందని అడిగినాడా?"

"అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

అత్త పోయి ఆయన భుజం పట్టి కుదిపింది. "చెప్పయ్యా! బిడ్డను జైల్లో పెట్టేదాకా పండుకోనుంటావా?"

"కొడుకుతో కత్తి కత్తి ఇట్లయిపోయింది నాయనా గొంతు, అని చెప్పినా."

అంతే. అయిపోయింది. అరవంలో కత్తేదంటే అరిచేది. మేము తరతరాలుగా అరవదేశంలో బతికినోళ్ళం, మా తెలుగులో అరిచేది యాడుండాది, అంతా కత్తేదే. చంటిబిడ్డ కత్తినా కత్తేదే, అత్త కత్తినా కత్తేదే. తెనాలి తెలుగులో కత్తంటే వంకాయలు కోసేది. కొడుకుతో, కత్తి, కత్తి, గొంతు! పాపం ఆ పిల్లోడు ఇంకేం రాస్తాడు? దానికి తోడు మామ దవడ కింద పాత మచ్చ ఒకటి. చిన్నతనంలో మగ్గంలో పోగు మోసే నాడె ఎగిరొచ్చి తగిలింది. ఇంక సాక్ష్యం గూడా దొరికినట్టే గదా!

అత్తకి అర్థమయ్యేదానికి కొంచేపు పట్టింది. అర్థమైనాక నవ్వింది చూడండి, ఎప్పుడూ నిలబడే ఉండే మనిషి నేల మీద కూలబడి నవ్వింది. "కత్తంట! కత్తితే కత్తంట!" నవ్వి నవ్వి కండ్లలో నీళ్ళు. నాకూ నవ్వొచ్చింది.

బాలాజి నవ్వలేదు. గుంతలోనుంచి లేచి వచ్చి తండ్రి తలాపున నిలబడినాడు.

"కొడుకుతో కత్తి కత్తి అని చెప్పినావా నాయనా? నావల్లనే నీ గొంతు పోయిందని ఊరు పేరు తెలీనోడి దగ్గర చెప్పినావా?"

అత్త నవ్వు ఆగిపోయింది.

బాలాజి మగ్గం ఇడిసి తోలు పనికి పోతానన్నప్పుడు ఈ ఇంట్లో ఏడాది పొడుగునా రగడంట. నేనప్పటికి ఈ ఇంటికి రాలేదు. నేతగాడి బిడ్డ తోలు ముట్టేదా అని మామ, లుంగీలు ఎవురు కొంటారు, పవర్లూము వచ్చేసింది, ఏం తినేది అని బాలాజి. ఒక దినం ఇద్దరూ మాటలే నిలిపేసినారు. నిలిపినోళ్ళు నిలిపినట్టే ఉండిపోయినారు. ఒక్క ఇంట్లో, ఒక్క కుండ కూడు తింటా, ఎనిమిదేండ్లు. ఈ పొద్దు బాలాజి అడిగిందే మొదటి మాట.

మామ టవలు మొహం మీదికి లాక్కున్నాడు. బాలాజి చొక్కా తగిలించుకోని బయటికి పోయినాడు.

"రేపు ఆ డాక్టరు ముందర ఆ మాట మళ్ళా చెప్పల్ల మామా," అన్నా. "రాసిన ఆయనే దిద్దల్ల, వేరేవాళ్ళు దిద్దరాదు."

"నేను చెప్పింది నాకూ ఆయనకూ. అందరి ముందరా చెప్పను."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషే ఇది!" అని అత్త లేచి కొంగు దోపుకోనింది. "ఇదో చూడయ్యా. రేపు నువ్వు బస్సెక్కకపోతే, నువ్వు పరిచిన పావుకి అడ్డంగా పండుకుంటా. నా మీద ఒట్టు."

పావు దాటితేనే పాపమంటారు మా వీధిలో. అడ్డంగా పండుకునేదంటే! మామ మొదటిసారి ఇట్ల తిరిగి ఆమెను చూసినాడు.

*

తెల్లారి బస్సులో నలుగురమూ పోయినాం. మామ ముందర సీటు, బాలాజి కడా సీటు. మధ్యలో నేనూ అత్తా, నూలు తెగకుండా పట్టుకున్నట్ట.

రికార్డు రూములో దొరైస్వామి సార్ ఫైలు తెప్పించినాడు. ఆ తెనాలి డాక్టరు వచ్చినాడు. నేను జరిగింది చెప్తా ఉంటే ఆయన మొహం ఎర్రబడిపోయింది. మీసం గూడా సరిగ్గా రాలేదు పాపం.

"అయ్యబాబోయ్! కత్తడం అంటే అరవడమా అండీ? ఆ రోజు రాత్రంతా బాధపడ్డానండీ, ఈ వయసులో ఈయన్ని కన్నకొడుకే... ఛ ఛ. తాతగారూ, క్షమించండి. కొత్త పేజీ రాసిచ్చేస్తాను. ఈ పాతది తీసి పారేద్దాం."

అత్త నా పక్కకు చూసింది. చూసినావా, డాక్టరే చించమంటా ఉండాడు అని ఆ చూపు.

"పేజీ తీయరాదు డాక్టర్," అన్నాడు దొరైస్వామి సార్ మెల్లగా. "ఒక్క గీత కొట్టండి. కింద అక్షరం కనపడల్ల. పక్కన నిజం రాసి, తేదీ, సంతకం పెట్టండి. ఆయన మళ్ళా మీకు చెప్పల్ల, మీరు విని రాయల్ల. ఆ తర్వాత నేను కత్తి నంబరు కొట్టేస్తా. స్టేషనుకి పెద్ద డాక్టరు జాబు పోతాది."

"అలాగేనండి," అని కూర్చున్నాడు ఆ పిల్లోడు. గునుస్తాడేమో అనుకున్నా, లేదు.

మామ బల్ల దగ్గరికి వచ్చినాడు. "అంటే, నా కొడుకు కోసినాడన్న మాట ఆ గీత కింద కనపడతానే ఉంటాదా?"

"ఉంటాది మామా. పైన గీత గూడా ఉంటాది," అన్నా. కాదని లేచి పోతే ఆ మెషిను దగ్గరికి ఆయన్ని ఇంకెవురూ తీసకపోలేరు. ఆ గొంతు ఇంక అంతే.

ఆయన ఆ పేజీని వేలితో తడిమినాడు. తెలుగు అక్షరాలే చదవలేని మనిషి, ఇంగ్లీషు ఏం చదువుతాడు? అయినా తడిమినాడు.

"పోగు తెగితే ముడేస్తాం," అన్నాడు. "ముడి వేలికి తగులుతాది. తగలకుండా వేసే మొనగాడు గుడియాత్తంలో లేడు, నేను గూడా కాదు. సరే. గియ్యి నాయనా."

డాక్టరు పెన్ను తీసినాడు. "ముందు మీరు చెప్పాలి తాతగారూ. ఆ రోజు నాతో ఏమన్నారు?"

మామ వాకిలి తట్టు చూసినాడు. బాలాజి ఆడ నిలబడి ఉండాడు, లోపలికి రాకుండా, బయటికి పోకుండా.

"రాసుకో. మావాడు మగ్గం ఇడిసిననాడు నేను ఏడాది కత్తినా. వాడు పోయినందుకు గాదు. పావుకి నా తర్వాత ఎవుడు అని, ఆ కోపం. అంత కత్తకుండా ఉండుంటే వాడు నాతో మాట్లాడేవాడు. ఆ మాట నీకు చెప్పుకున్నా. తప్పు వాడిదని గాదు, నాది అని. నువ్వు కత్తి అని రాసుకున్నావు."

అత్త కొంగు నోట్లో కుక్కుకోనింది. బాలాజి వాకిలి చట్రం పట్టుకోని కింద చూస్తా ఉండాడు. మా మామ అట్ల తలెత్తుకోని తప్పు ఒప్పుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది. తల వంచుకోని ఒప్పుకునేవాళ్ళను చూసినా గానీ, ఇట్ల ఎవుర్నీ చూడలేదు.

డాక్టరు గీత కొట్టి, రాసి, సంతకం పెట్టినాడు. తర్వాత ఊరుకోవచ్చు గదా, ఊరుకోలేదు.

"కాకపోతే తాతగారూ, ఈ జబ్బు అరిస్తే రాదండీ. బీడీ వల్ల వచ్చింది."

"ఏందీ?" మామకి రోషం వచ్చేసింది. "పావుకి కత్తిన గొంతు అబ్బా ఇది! ముష్టి బీడీకి పోయిందంటావా?"

"అవునండీ."

"ఆ మాట మాత్రం వీధిలో ఎవురికీ చెప్పద్దు," అన్నాడు నాతో. అత్తకి మళ్ళా నవ్వొచ్చేసింది. "చెప్తా! వాకిలి వాకిలికీ పోయి చెప్తా!" అనింది.

దొరైస్వామి సార్ కత్తి నంబరు కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టినాడు. మామ ఒంగి చూసినాడు.

"ఇంకొక నంబరుండాది గదా. అదెంత?"

సార్ నన్ను చెప్పమన్నట్టు చూసినాడు.

"నూట అరవై ఒకటి, చుక్క, సున్నా," అన్నా. "నూట అరవై ఒకటంటే గొంతుపెట్టె మామా. ఆ సున్నా అంటే, దాంట్లో మాట పుట్టే చోటు."

"మాట పుట్టే చోటుకి అని ఒక నంబరుండాదా!"

"ఉండాది. యా దేశంలో చూసినా అదే. బాలాజి కోసే తోలు పొయ్యే జర్మనీలో గూడా అదే."

"అబ్బా!" అని భుజం మీది టవలు సర్దుకున్నాడు. ఏదో బిరుదు ఇచ్చినారనుకోండి. "దానికి నంబరేసేది మా కోడలు," అన్నాడు ఆ తెనాలి పిల్లోడితో. నన్ను గురించి ఆయన ఒక మాట అనేది నేను వినింది అదే మొదలు. ఆ పొద్దు నాకు ఇంకెవురూ జీతం ఇయ్యకపోయినా సరిపోతాది అనుకున్నా.

*

కరెంటు రూము వరండాలో జనం కిటకిటలాడతా ఉండారు. పైన ఫ్యాన్లు గడగడా తిరుగుతా ఉండాయి. నర్సమ్మ తలుపు తెరిచి చీటీ చూసి పిలిచింది.

"గోవిందస్వామి! గుడియాత్తం గోవిందస్వామి!"

"ఉండా," అన్నాడు మామ.

పక్కన కూర్చున్న నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన లేవబోయినాడు, ముందర మనుషులు అడ్డం. ఇంకొకతూరి "ఉండా" అన్నాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. ఒక్క అరుపుతో లారీ నిలిపిన మనిషి, మెడ నరాలు పొంగేటట్టు కత్తతా ఉండాడు, ఎవురికీ చెవిన పడలేదు. నర్సమ్మ చీటీ అడుక్కి తోసేసి రెండో పేరు కోసరం నోరు తెరిచింది.

"ఉండాడూ! మా నాయన ఈడనే ఉండాడూ!"

వరండా అంతా నిలిచిపోయింది. పసిబిడ్డ ఏడుపు గూడా ఆగిపోయింది. నర్సమ్మ చేతిలో చీటీలు కింద పడినాయి.

కడా గోడకి ఆనుకోని ఉన్న బాలాజి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకోని, కాళ్ళు ఎడం చేసుకోని నిలబడినాడు. పావు కొనలో నిలబడేవాడు అచ్చం అట్లనే నిలబడతాడు. ఆ గొంతు గూడా అదే. ఉగాదికి ముందర ప్రతి తెల్లార్తో నన్ను నిద్ర లేపిన గొంతు. నా మొగుడిలో అది ఉండాదని నాకే తెలీదు.

అత్త నా చెయ్యి పట్టుకోని నొక్కింది. "చూడే, చూడే," అంటా ఉండాది.

జనం తప్పుకోని దోవ ఇచ్చినారు. మామ ఆ దోవలో నిదానంగా, ఛాతీ విరుచుకోని నడిచినాడు. తలుపు దగ్గర నిలబడి వెనక్కి తిరిగినాడు. ఈ తూరి గోడను గాదు, కొడుకునే చూసినాడు. బాలాజి ఆయన దగ్గరికి పోయినాడు, ఆ గరగర వినపడేంత దగ్గరికి.

"నెలన్నర నేను కత్తరాదంట."

"తెలుసు నాయనా."

"శుక్రవారం మన వీధిలో పావు ఉండాది. పిలిచేదానికి మనిషి లేడు."

శుక్రవారం పేర్ణాంబట్టు కంపెనీలో సరుకు కంటైనరుకి ఎక్కించే దినం. ఆ దినం రానోడు మళ్ళా ఎప్పుడూ రానక్కర్లేదని గేటు దగ్గర బోర్డు పెట్టినారు. మామకి ఆ సంగతి తెలీదు. బాలాజికి తెలుసు, నాకు తెలుసు.

మామ జవాబు కోసరం నిలబడినాడు. నర్సమ్మ ఆయన మోచెయ్యి పట్టుకోని లోపలికి తీసకపోయింది. తలుపు మూసుకోని, పైన ఎర్రలైటు వెలిగింది.

బాలాజి ఆ తలుపు తట్టు నోరు తెరిచినాడు గానీ, ఈ తూరి మాట రాలేదు.